రెండు మైళ్లు దక్షిణం

పరాయి బోటులోంచి మా అయ్య గొంతు వినిపించింది.

"ఐసు ఎడం పక్కకి సర్దండిరా. ఒరిగిపోతంది బోటు."

నేను జెట్టీ మీద ఆగిపోయాను. మా అయ్య గరికిన ఎల్లాజీ ఆ సమయానికి ఇంట్లో మంచం మీద ఉన్నాడు. కుడికంటికి ఆపరేషన్ జరిగి నాలుగు రోజులైంది. పది నిమిషాల క్రితం ఆ కంట్లో చుక్కలు వేసి కట్టు కట్టింది నేనే.

బోటు పేరు చూశాను. గౌరీశ్వరి. కంపెనీ బోటు. ఆరు నెలల కిందట మా తమ్ముడు ధనరాజు అయ్యతో గొడవపడి వెళ్లి సరంగుగా, బోటు నడిపేవాడిగా, చేరింది దీంట్లోనే.

తాడు పట్టుకుని లోపలికి దూకాను. కేబిన్‌లో చక్రం పక్కన అగ్గిపెట్టంత నల్లటి డబ్బా బిగించి ఉంది. దాన్ని గవ్వ అంటాం. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో నేనొకదాన్ని, రెండోవాడు వినీల్. గవ్వ ఎవరి బోటులో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. దాని చీలికలో గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌ని చూసి దగ్గరికి వంగాను. జెట్టీలో దాన్ని పుల్ల అంటారు. మా అయ్యకి తెలిసినంతవరకు ఆయన పుల్ల లోకం మొత్తానికి ఒక్కటే. అది తాయెత్తుతో పాటు ఆయన మెడలో ఉంది.

పుల్ల పీకాను. అయ్య గొంతు మాట మధ్యలో తెగిపోయింది.

"అప్పా! ఏటి సేస్తన్నావ్?" ధనరాజు పరుగెత్తుకొచ్చాడు.

"ఇది నీకెక్కడిది?"

"కంపెనీదే. ఎనిమిది బోట్లకీ ఇచ్చారు. మీ అప్పే ఇచ్చిందని వినీల్ సారు సెప్పాడు. నీకు తెల్సనుకున్నాను."

"అయ్యకి తెలుసా?"

వాడు చూపు తిప్పుకున్నాడు. "ఆయన నాతో మాటాడి ఆర్నెల్లయ్యింది. నానేటి సెప్తాను?"

"ఇది వాడకు ధనా. నా మాట విను."

వాడు నా చేతిలోంచి పుల్ల లాక్కున్నాడు. "మూడు ట్రిప్పులు దీంతోనే ఎల్లొచ్చాను. ఒక్కసారి తప్పు సెప్పనేదు. అయ్య బుర్ర నీకియ్యొచ్చు, ఆ సారుకియ్యొచ్చు. కొడుకుని, నాకు మాత్రం ఇయ్యకూడదా?"

వాడు పుల్లని మళ్లీ గుచ్చాడు. ఇరవై లెక్కపెట్టేలోపు గవ్వ మేలుకుంది. ఇంతసేపూ ఐసు సర్దించిన సంగతి దానికి గుర్తులేదు.

"ఏ బోటురా ఇది?" అంది అయ్య గొంతు. "ఈ ఇంజను నాది కాదే."

*

గవ్వకి సొంత బుర్ర లేదు. దానిలో ఏదీ రాసి ఉండదు, ఏదీ మిగలదు. ఆపరేటింగ్ సిస్టం మొత్తం పుల్లలోనే ఉంటుంది. పుల్ల గుచ్చితే గవ్వ ఆ మనిషవుతుంది. పీకితే ఖాళీ డబ్బా. ఎవరి పుల్ల గుచ్చితే వాళ్లు సరంగు.

ఆ పుల్ల కోసం రెండేళ్లు అయ్య టోపీలో మైకు కుట్టాం. ఇంజను చప్పుడు, బోటు ఊగిన తీరు, గాలి, లోతు, వాటికి ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా పుల్ల విని నేర్చుకుంది. ఆయన జ్ఞాపకాలు దానికి రాలేదు. ఆయన తీర్పు వచ్చింది. ఎక్కడ వల వెయ్యాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్న తీర్పు.

కళ్లు మసకబారుతున్నాయి కాబట్టే అయ్య ఒప్పుకున్నాడు. ఒకే షరతు పెట్టాడు. "నా బుర్ర నా బోటు దాటకూడదు."

"దాటదు మావా," అన్నాడు వినీల్.

వినీల్ మా ల్యాబుకి పెద్ద. నా కన్నా ఆరేళ్లు పెద్దవాడు. హైదరాబాదులో పుట్టినవాడు, సముద్రం చూస్తేనే వాంతి చేసుకునేవాడు. అయినా అయ్యతో మూడు ట్రిప్పులు వెళ్లాడు. అయ్య వాడికి మజ్జిగ తాగించి, తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూడో ట్రిప్పుకి, "నువ్వు నా కలాసీవిరా," అన్నాడు. బోటు మీద పనిచేసే సొంత మనుషుల్ని పిలిచే ఆ మాట అయ్య నోట రావడమంటే ఇక ఆ మనిషి ముందు ఏదీ దాచడని అర్థం.

ల్యాబులో మాకో అలవాటుంది. ఏది తయారుచేసినా రెండు తీసి పెడతాం. ఒకటి పాడైతే రెండోది ఉంటుంది. అయ్య పుల్లకీ రెండోది తీశాను. వినీల్ సొరుగులో పెట్టి తాళం వేశాను. అయ్యకి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతిలా తోచలేదు నాకు.

ఇంకో పని కూడా చేశాను.

ఒకరోజు వినీల్ తల పట్టుకు కూర్చున్నాడు. "రత్నం, మీ నాన్నగారి పుల్లలో ఏదో తప్పుంది. బోటులో బాగానే చెబుతుంది. ఇక్కడ పెడితే ప్రతి చోటునీ రెండు మైళ్లు దక్షిణంగా చెబుతోంది."

నాకు నవ్వాగలేదు. టీ ఒలికిపోయింది. "అది తప్పు కాదు, మా అయ్య!"

మా జెట్టీలో సెట్టు మీద, అంటే బోట్ల వైర్‌లెస్ మీద, చేపలు పడే చోటు ఎవడూ నిజం చెప్పడు. అందరూ వింటారు కాబట్టి. ఒక్కో సరంగుది ఒక్కో అబద్ధం. మా అయ్యది ఎప్పుడూ రెండు మైళ్లు దక్షిణం. ఆ లెక్క సొంత కలాసీలకి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలుసు. పరాయివాళ్లకి తెలియదు. పుల్లకి అది ఎవరూ నేర్పలేదు. రెండేళ్లు విని తనే పట్టేసింది. మా బోటు ఇంజను చప్పుడు వినపడకపోతే, చుట్టూ ఉన్నవాళ్లు పరాయివాళ్లని తీర్మానించుకుని అబద్ధం చెప్పేది.

నిజం చెప్పేది ఒక్క మనిషికే. బోటు ఎక్కేముందు ఇంట్లో ఒకరి చెవిలో అసలు చోటు చెప్పి వెళ్లాలి. బోటు తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో ఒకరికైనా తెలియాలి కదా. మా ఇంట్లో ఆ చెవి నాది, తొమ్మిదో ఏట అమ్మ పోయినప్పటినుంచీ.

ఇదంతా వినీల్‌కి చెప్పాను. నవ్వుతూ చెప్పాను.

*

"అబద్ధాలాడే పుల్లని ఎవరు కొంటారు?" అన్నాడు వినీల్. జెట్టీ నుంచి నేరుగా ల్యాబుకే వెళ్లాను నేను. అతను ఏమాత్రం తడబడలేదు. "అందుకని సొరుగులో పుల్లకి ఎనిమిది నకళ్లు తీసి, కంపెనీకి ఇచ్చేముందు ఒక్క లైను రాశాను. పుల్ల ఏ చోటు చెప్పినా రెండు మైళ్లు ఉత్తరానికి జరుపుతుంది. అంతే, అబద్ధం నిజమైపోయింది."

"అది మా అయ్యది వినీల్."

"మాటలు ఆయనవి. పుల్ల మనది. కాగితాల మీద నీ సంతకం కూడా ఉంది." గొంతు తగ్గించాడు. "ఆయనతో పాటే మట్టిలో కలిసిపోవాల్సిన విద్య ఎనిమిది బోట్లకి బతుకునిస్తోంది. తప్పేముంది? మీ తమ్ముణ్ణే అడుగు."

"ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నావు కదరా ఆయన దగ్గర!"

అతను కంప్యూటరు వైపు తిరిగాడు. నేను ఇంటికొచ్చి అయ్యకి మొత్తం చెప్పాను.

అయ్య వినీల్‌ని ఒక్క మాట అనలేదు. "ఇంకో పుల్ల ఉందని నాకెందుకు సెప్పనేదు?" అని అడిగాడు.

"అలవాటయ్యా. ఏది చేసినా రెండు తీసి పెడతాం."

"రెండు మైళ్ల సంగతో?"

"అదీ నేనే చెప్పాను."

ఆయన కట్టు కట్టిన కన్ను గోడవైపు పెట్టి పడుకున్నాడు. ఆ సాయంత్రం ఎనిమిది బోట్లూ వేటకి వెళ్లాయి. రెండు రోజులు ఆయన నా చేత్తో చుక్కలు వేయించుకున్నాడే కానీ నాతో మాట్లాడలేదు.

*

మూడోరోజు మధ్యాహ్నం గాలి మారింది. ఒడిశా వైపు పోతుందన్న వాయుగుండం మా వైపు తిరిగింది. అయ్య మంచం దిగి చొక్కా వేసుకున్నాడు.

"సంఘం గదికి తీసుకుపో."

జెట్టీ చివర మత్స్యకారుల సంఘం గదిలో పొడుగాటి యాంటెన్నా ఉన్న పెద్ద సెట్టు ఉంటుంది. మేం వెళ్లేసరికి గది నిండా జనం. ధనరాజు భార్య బంగారి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎనిమిది బోట్లూ ఉత్తరాన, ముప్పై మైళ్ల అవతల చిక్కుపడ్డాయి. హార్బరుకి రాలేవు. అక్కడున్న ఒకే దిక్కు చింతగెడ్డ మొగ. ఆ వాగు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటల మధ్య, రెండు బోట్లు పక్కపక్కన పట్టేంత సందు.

"ఆ సందు పుల్లకి తెల్సు," అన్నాడు అయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కొంచెం గర్వం కనిపించింది. "ఇలాంటి గాలిలో రెండుసార్లు దూరాను దాంట్లో. అప్పుడు టోపీ నెత్తి మీదే ఉంది."

సెట్టులో ధనరాజు గొంతు గరగరలాడింది. "పుల్ల దారి సెప్పింది. పద్దెనిమిది పద్నాలుగుకి ఎల్లి పడమరకి తిరగమంటంది. వానలో ఏటీ కనపడ్డం నేదు. నా ఎనకాలే వచ్చీండి."

అయ్య తల ఎత్తాడు. "పద్నాలుగా? మొగ ఉన్నది పన్నెండులో."

సరంగులు చోటుని ఆ అంకెల్లోనే చెప్పుకుంటారు. ఉత్తరానికి పోయేకొద్దీ రెండో అంకె పెరుగుతుంది. ఒక్కో అంకె సముద్రం మీద ఒక మైలు.

రెండు మైళ్లు.

నా సంచీలో ఎప్పుడూ ఒక గవ్వ ఉంటుంది. అయ్య మెడలోంచి పుల్ల లాగి గుచ్చాను. గది నిండా పరాయివాళ్లే. మా బోటు ఇంజను లేదు. ఇక్కడ అది అబద్ధమే చెప్పాలి.

"తుపాను. తూర్పు గాలి. చింతగెడ్డ మొగ ఎక్కడ?" అన్నాను.

"పద్దెనిమిది పన్నెండు," అంది పుల్ల. "బేగి రండి."

పన్నెండు. అసలు చోటు. అయ్య వైపు తిరిగాను. "అయ్యా, తుపానులో నువ్వు సెట్టు మీద అబద్ధం చెప్పవా?"

నేను చెంపమీద కొట్టినట్టు చూశాడు. "తుపానులో ఎవడైనా అబద్ధం సెప్తాడేటే? మనుషులం కామా?"

ఆ సంగతి వినీల్‌కి నేను చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని. చెప్పాలని తట్టనంత మామూలు సంగతి అది. మిగతా ఎనిమిది పుల్లలూ ఇప్పుడు నిజమే చెబుతున్నాయి. వినీల్ రాసిన లైను ఆ నిజాన్ని రెండు మైళ్లు ఉత్తరానికి జరుపుతోంది.

"పద్నాలుగులో ఏముంది?"

"ఏనుగుపార," అన్నాడు అయ్య. "నీళ్ల కింద బండలు. ఈ అలలకి ఒక్క బోటు మిగలదు."

వినీల్‌కి ఫోన్ చేశాను. "ఆ లైను తీసెయ్!"

"పుల్లలు వాళ్ల దగ్గరున్నాయి. వాటికి నెట్ లేదు. ఇక్కణ్ణించి నేనేం చెయ్యగలను?"

"అయితే సెట్టులో చెప్పు. నీ ఫోను మైకు దగ్గర పెడతాను. నువ్వు చెబితే నమ్ముతారు."

అవతల ఊపిరి వినిపించింది. "మూడు వందలసార్లు పరీక్షించాను రత్నం. ప్రతిసారీ రెండు మైళ్లు. నాది తప్పని రుజువు లేకుండా అందరి ముందూ ఎలా చెప్పను?"

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

అయ్య మైకు తీసుకున్నాడు. "ఎల్లాజీని మాటాడతన్నాను. పుల్లలు పీకేయండి. పద్నాలుగుకి ఎల్లకండి. మొగ పన్నెండులో ఉంది."

ఒక క్షణం గాలి హోరు. ఆ తర్వాత ఎవరో నవ్వారు. జలదుర్గ బోటు సరంగు నూకన్న. "ఎల్లాజీ మావా! నువ్వు సెట్టులో నిజం సెప్పిన రోజు సంద్రం ఎండిపోద్ది! మా పుల్లల మీద ఇప్పుడా నీ కుళ్లు?"

నేను మైకు లాక్కున్నాను. "నేను రత్నాన్ని! గవ్వ చేసినదాన్ని నేనే. పుల్లలో తప్పుంది."

"నువ్వే సేసి నువ్వే తప్పంటావేటప్పా?" ఇంకెవరో. "ఇంటి పుల్ల బయటికొచ్చిందని తండ్రీ కూతురూ కలిసి ఏడుస్తన్నారు."

"అయ్యా," ధనరాజు గొంతు పగిలిపోయింది. "ఆర్నెల్లకి నోరిప్పి ఇదా సెప్తావు? నా మీద పంతం తీర్చుకోడానికి ఈ రోజే దొరికిందా? ఇంకో అరగంటలో తిరగాల."

బంగారి నేల మీద కూలబడింది.

అయ్య మైకు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఈసారి వచ్చిన గొంతు నేను సెట్టు మీద ఎప్పుడూ వినలేదు. బోటు ఎక్కేముందు నా చెవిలో మాట్లాడే గొంతు అది.

"అందరూ ఇనండి. తాతపార ఎక్కడుందో సెప్తన్నాను."

గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. తాతపార మా తాత కనిపెట్టిన చేపల చోటు. మూడు తరాలుగా ఏ ఏడాది ఎవరికి వేట లేకపోయినా మాకు ఉండేది దానివల్లే. మమ్మల్ని వెంటాడి వెంటాడి పదిమంది సరంగులు అలిసిపోయారు.

"బోటు మీంచి సూస్తే యారాడ కొండ వాలు లైట్‌హౌసుని సగానికి మింగాల. ఉత్తరాన గుడి గోపురం మీద సింహాచలం కొండ నెత్తి కూకోవాల. రెండూ కలిసిన కాడ ముప్పై ఎనిమిది బారల లోతు. అడుగున పార. వంజరం అక్కడే ఉంటది. మా తాత సొత్తు అది. ఇప్పుడు మీది."

నా పక్కన నిలబడ్డ మనిషి జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. అతని మేనల్లుడు ఆ ఎనిమిది బోట్లలో ఒకదాంట్లో ఉన్నాడు. అయ్య ఒంటికన్నుతో అది చూశాడు. ఆపకుండా గుర్తులు రెండోసారి కూడా చెప్పాడు.

సెట్టు గరగరలాడింది. ఆ గుర్తులు నిజమని చెప్పగలిగినవాడు సముద్రం మీద ఒక్కడే ఉన్నాడు.

"ఒరే!" ధనరాజు ఏడుస్తున్నాడు. "ఒరే, అది నిజఁవేరా! మా తాతపారే అది! అయ్య నిజం సెప్తన్నాడు. పుల్లలు పీకేయండి! పన్నెండు! పన్నెండుకి తిప్పండి!"

ఒక్కో బోటూ పలికింది. ఏడు బోట్లు పలికాయి.

"నూకన్నా!" అయ్య అరిచాడు. "జలదుర్గా! పలకండిరా!"

గాలి హోరు తప్ప ఏమీ లేదు. యాంటెన్నా విరిగిందో, సెట్టు తడిసిందో. ఆ బోటులో ఇంకా అయ్య గొంతు మాట్లాడుతూనే ఉండి ఉంటుంది, పద్నాలుగు అని.

*

ఏడు బోట్లు మొగలోకి దూరాయి. జలదుర్గ చెక్కలు మూడోనాడు ఏనుగుపార దగ్గర దొరికాయి. ఏడుగురు మనుషులు పోయారు.

విచారణ జరిగింది. వినీల్ నివేదిక నేను చదివాను. "మూల వ్యక్తికి ఉద్దేశపూర్వకంగా తప్పుడు స్థానాలు చెప్పే అలవాటు ఉంది. ప్రమాదానికి కారణం అదే," అని రాశాడు. రుజువుగా, పుల్ల తయారీ కాగితాలు జతచేశాడు. వాటి కింద నా సంతకం ఉంది. తను రాసిన ఒక్క లైను గురించి పదహారు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ లైను సంగతి నేను విచారణలో చెప్పాను. కూతురు కాబట్టి అలాగే చెబుతుందన్నారు.

నూకన్న తల్లి మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గడప దగ్గరే నిలబడి, "ఆ డబ్బా దొరికిందంట కదమ్మా. దాంట్లో మావోడి గొంతేమన్నా ఉందేటి?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "దాంట్లో ఏమీ మిగలదు."

అలా తయారుచేసింది నేనే. ఆమె తలూపి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా తాతపార మీద ముప్పై బోట్లు వాలాయి. నెల తిరిగేసరికి అక్కడ వలకి బండ తగలడం తప్ప ఏమీ పడటం లేదు. ధనరాజు కంపెనీ బోటు వదిలేసి అయ్య దగ్గరికి వచ్చేశాడు. అయ్య పుల్లని నాకు ఇవ్వలేదు, పారెయ్యలేదు. మెడలోనే ఉంచుకున్నాడు. కన్ను బాగుపడింది. నాతో మాటలూ కలిపాడు. తిన్నావా అని అడిగేవాడు. చేప తలకాయ నా కంచంలోనే వేసేవాడు. క్షమించాడనుకున్నాను.

తుపాను తర్వాత మొదటి వేటకి బయల్దేరిన రోజు, ఎప్పట్లాగే జెట్టీ దాకా వెళ్లాను. బంగారి కూడా వచ్చింది. ధనరాజు ఇంజను స్టార్ట్ చేశాడు. అయ్య బోటు ఎక్కబోతూ ఆగాడు. నేను దగ్గరికి వెళ్లి, తొమ్మిదో ఏటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ, తల కొంచెం పక్కకి వంచాను.

"ఎటేపయ్యా?"

అయ్య వంగలేదు. నిలబడే చెప్పాడు, నలుగురికీ వినపడేలా.

"పద్దెనిమిది సున్నా మూడు."

నన్ను దాటి వెళ్లాడు. కోడలి దగ్గర ఆగి, వంగి, చెవిలో ఏదో అన్నాడు. బంగారి నా వైపు చూసి, వెంటనే తల దించేసుకుంది.

బోటు జెట్టీ వదిలింది. నేను బంగారిని ఏమీ అడగలేదు. ఆ లెక్క నాకు తెలుసు.

సున్నా ఐదు.